శ్రీకాకుళంలో నాలుగు రోజులు ప్రశాంతంగా గడపాలంటే వంశధార వెంట వెళ్లండి

అమ్మానాన్నలు, పిల్లలతో నాలుగు రోజులు, అరకు రద్దీ వద్దు, ఏరూ కొండా ఉండే చోటు కావాలి, శ్రీకాకుళం ఎలా ఉంటుందని అడిగారు. మాది ఈ జిల్లాయే. తప్పకుండా రండి. కాకపోతే జిల్లా అంతా ఒకే దఫాలో చుట్టేద్దామని చూడకండి, అలా చేస్తే కారులోనే రోజులు అయిపోతాయి. వంశధారను పట్టుకోండి చాలు. ఒడిశా కొండల్లో పుట్టి, మా జిల్లా మీదుగా వచ్చి కళింగపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది.

నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి మొదటి వారం దాకా మంచి కాలం. అక్టోబరులో మాత్రం టికెట్లు తీసుకోకండి. మాకు తుపాన్ల టెన్షన్ ఆ రోజుల్లోనే. 2018 అక్టోబరు 11న తీరం దాటిన తిత్లీ తుపాను మా జిల్లా తీరప్రాంతమైన ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటల్ని కూల్చేసింది, ఆ దెబ్బ ఇక్కడెవరూ మర్చిపోలేదు. పైగా ఎగువన ఒడిశాలో వానలు పడితే మాకు ఎండ కాస్తున్నా ఏరు పొంగుతుంది. డిసెంబరుకల్లా నీళ్లు తేటపడతాయి, కళ్లాల్లో వరి కుప్పలు లేస్తాయి, తేగలు కూడా వస్తాయి.

బస శ్రీకాకుళం టౌన్‌లోనే పెట్టుకోండి. రైల్లో వస్తే శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌లో దిగాలి, అది ఆమదాలవలసలో ఉంది. టౌన్‌కి బస్సులు, ఆటోలు ఉంటాయి.

ఒక రోజు పూర్తిగా శ్రీముఖలింగానికి ఇవ్వండి. తూర్పు గాంగుల రాజధాని కళింగనగరం ఇదేనంటారు. ఏటి ఒడ్డున మధుకేశ్వరుడు, భీమేశ్వరుడు, సోమేశ్వరుడు, మూడు గుళ్లు. చాలామంది మధుకేశ్వరుడి దర్శనం చేసుకుని వెంటనే బండెక్కేస్తారు, నాకు బాధనిపిస్తుంది. సోమేశ్వరాలయం గోడల చుట్టూ నెమ్మదిగా తిరగండి, అంత శ్రద్ధగా చెక్కిన శిల్పాలు ఈ చుట్టుపక్కల ఇంకెక్కడా నేను చూడలేదు. ఆ గుళ్లలోని శాసనాలను గిడుగు రామమూర్తి పంతులుగారు తనంతట తానే కష్టపడి చదవడం నేర్చుకున్నారు. ఆయన పుట్టిన పర్వతాలపేట ఆ పక్కనే. ఆయన పుట్టినరోజున జరుపుకునే తెలుగు భాషా దినోత్సవం గురించి పిల్లలకు చెప్పడానికి ఇంతకన్నా మంచి చోటు ఉండదు. శివరాత్రి రోజుల్లో మాత్రం జనం విపరీతంగా వస్తారు, మీరు కోరే ప్రశాంతత దొరకదు.

మర్నాడు పొద్దున్నే శాలిహుండం. ఇటుక స్తూపాలు, చైత్యాలు ఉన్న బౌద్ధ క్షేత్రం ఇది. కొండ ఎక్కాలి, మీ నాన్నగారికి మోకాళ్ల నొప్పులన్నారు కాబట్టి ఎండ ముదరకముందే, ఆగుతూ ఎక్కించండి. పైనుంచి వంశధార వంపు తిరుగుతూ సముద్రం వైపు సాగిపోవడం కనిపిస్తుంది. దాన్ని చూశాక అప్పటివాళ్లు ఈ కొండనే ఎందుకు ఎంచుకున్నారో ఎవరూ చెప్పక్కర్లేదు. అటునుంచి కళింగపట్నం దగ్గరే. లైట్‌హౌస్, పొడవాటి ఇసుక తీరం, ఏరు కలిసే చోటు. అక్కడ పిల్లల్ని నీళ్లలోకి దించొద్దు. ఏటి ప్రవాహం, సముద్రపు పోటు కలిసే చోట లోతు ఎప్పుడు ఎలా మారుతుందో తెలియదు. పైన ఏటిలో కూడా ఇసుక తవ్విన గోతులుంటాయి. స్నానం చేయాలనిపిస్తే ఆ ఊరివాళ్లను అడిగి, వాళ్లు చూపించిన రేవులోనే దిగండి.

మూడో రోజు టెక్కలి దగ్గర తేలినీలాపురం. గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఊళ్లోని చెట్ల మీదే గూళ్లు కట్టి పిల్లల్ని పెంచుతాయి. సెప్టెంబరు నుంచి మార్చి దాకా ఉంటాయి కాబట్టి మీరు వచ్చే కాలానికి సరిపోతుంది. ఊరివాళ్లు వాటిని ఇంటికొచ్చిన బిడ్డల్లా చూసుకుంటారు, అందుకని గట్టిగా అరవకుండా, గూళ్ల కిందికి వెళ్లకుండా చూడాలని పిల్లలకు ముందే చెప్పండి.

అరసవల్లి సూర్యదేవుడి గుడి, శ్రీకూర్మంలో కూర్మనాథుడి గుడి టౌన్‌కి దగ్గరే, నాలుగో రోజు రైలెక్కే ముందు చూసుకోవచ్చు. అరసవల్లికి ఆదివారం, రథసప్తమి తప్ప ఏ రోజైనా ఫరవాలేదు.