ప్రిన్సిపాల్ పని ఆఫీసు నడపడమేనా?

కాదు, ప్రిన్సిపాల్ ముఖ్యమైన పని ఇప్పుడు తరగతిలో బోధన మెరుగయ్యేలా చూడటం. ఒకప్పుడు అడ్మిషన్లు, హాజరు, క్రమశిక్షణ సరిగ్గా ఉంటే చాలనుకునేవారు. పిల్లలు ఎంత నేర్చుకున్నారన్నదానికీ స్కూలే జవాబు చెప్పాల్సి రావడంతో పాత్ర మారింది. నిజానికి అమెరికా స్కూళ్లలో మొదట్లో ఆ పదవిని 'ప్రిన్సిపల్ టీచర్', అంటే ప్రధాన ఉపాధ్యాయుడు, అనేవారు.

ఉదాహరణకు, క్లాసులో సగం మంది 1/2 + 1/3 = 2/5 అని తప్పుగా రాస్తున్నారనుకోండి. ప్రిన్సిపాల్ వెనక బెంచీలో కూర్చుని పాఠం వింటారు. తర్వాత నోటుపుస్తకాలు ముందేసుకుని, పిల్లలు ఎక్కడ తడబడుతున్నారో టీచర్‌తో మాట్లాడతారు.

దీన్ని చాలామంది తనిఖీ అనుకుంటారు. తనిఖీ తప్పు పట్టుకుని ఆగిపోతుంది; ఇది మర్నాటి పాఠాన్ని మారుస్తుంది. ఫైళ్లు చూసుకునే పాత పని మాత్రం తగ్గలేదు, అసలు టెన్షన్ అదే.