చిల్లపెంకుతో మొదలుపెట్టు

చిరంజీవి అమ్మాయికి మామయ్య ఆశీస్సులు.

ఈ సెప్టెంబరు నుంచి ఏ-లెవెల్ (బడి చివరి రెండేళ్ల చదువు) విద్యార్థులకు గ్రీకు చరిత్ర నిన్నే చెప్పమన్నారనీ, క్రీ.పూ. 492 నుంచి 404 దాకా సాగే ఆ పాఠాన్ని ఎక్కడ అందుకోవాలో తోచడం లేదనీ రాశావు. ఈ ఇంగ్లండులోనే చాలా ఏళ్లు ఆ పాఠం చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి కాబట్టి, నాకు అక్కరకు వచ్చినవీ, నేను ఆలస్యంగా తెలుసుకున్నవీ రాస్తున్నాను.

యుద్ధాల వరుసతో మొదలుపెట్టకు. మారథాన్, థర్మోపిలే, సలామిస్ అని సంవత్సరాలతో సహా బోర్డు మీద రాస్తే పిల్లలు బుద్ధిగా ఎక్కించుకుంటారు గాని, ఇదంతా మనకు చెప్పిందెవరు, ఆయనకెలా తెలిసింది అన్న సందేహం వాళ్లకు పుట్టదు. ఆ సందేహం పుట్టని విద్యార్థి పరీక్షలో ఆధారాన్ని ముందు పెట్టగానే తెల్లమొహం వేస్తాడు.

మొదటి రోజున ఒక మట్టి పూలకుండీ పగలగొట్టి ఆ చిల్లపెంకులు పట్టుకుపో. నేను మీ అత్తయ్య కుండీనే పగలగొట్టి మాట పడ్డాను. తలా ఒక పెంకూ ఒక మేకూ ఇచ్చి, ‘థెమిస్టోక్లీస్, నియోక్లీస్ కొడుకు’ అని ఒక ఏథెన్స్ నాయకుడి పేరు గీయమన్నాను. మేకు జారి అక్షరాలు వంకరపోయాయి, ఎర్రటి పొడి బల్లల నిండా రాలింది, ఒక కుర్రవాడు గట్టిగా నొక్కి పెంకును రెండు ముక్కలు చేసి ఇంకోటి అడిగాడు. పావుగంట గడిచినా సగం మందికి పని తెమలలేదు. అప్పుడు, ఊరి నుంచి వెళ్లగొట్టదలచినవాడి పేరును ఏథెన్స్ పౌరులు ఇలా పెంకు మీద గీసి ఓటేసేవారనీ, అక్కడి ఆక్రోపోలిస్ కొండ ఉత్తరపు వాలులోని ఒక బావిలో ఆ పేరే ఉన్న పెంకులు సుమారు 190 దొరికాయనీ, వాటిని గీసిన చేతులు మాత్రం పద్నాలుగేననీ చెప్పాను. “ముందే రాసి పంచిపెట్టారన్నమాట” అని వెనక వరసలోంచి వినిపించింది. ఆ మాటను వెంటనే ఒప్పేసుకోకు. రాయడం రానివాళ్ల కోసం ఎవరైనా రాసిపెట్టుకొని అమ్మి ఉండవచ్చు కదా, ప్రత్యర్థుల ముఠా చేసిన పనే అనడానికి ఆధారమేది అని అడుగు. ఇంత జరిగాక బహిష్కార నియమాలు చెబితే నిలుస్తాయి. బహిష్కృతుడు పదేళ్లు ఊరు విడిచి ఉండాలి, ఆస్తి మాత్రం పోదు. బహిష్కారానికి కావలసిన 6,000 అన్నది మొత్తం ఓట్ల లెక్కా, ఒక్క మనిషి మీద పడవలసిన లెక్కా అన్న దగ్గర ప్రాచీన రచయితలే ఏకీభవించరు.

ఏథెన్స్, స్పార్టాల యుద్ధ చరిత్ర రాసిన థుసిడిడీస్‌ను ఆసాంతం చదివించాలని చూడకు. మూడో భాగంలోని మిటిలీనీ ఘట్టానికి రెండు వారాలు కేటాయించు. క్రీ.పూ. 427లో, తిరగబడి లొంగిపోయిన ఆ ఊరి మగవాళ్లందరినీ చంపాలనీ, స్త్రీలనూ పిల్లలనూ బానిసలను చేయాలనీ ఏథెన్స్ సభ తీర్మానించి ఓడ పంపింది. మర్నాడు మనసు పీకి మళ్లీ సమావేశమైంది. తీర్మానం మారకూడదని క్లియోన్ వాదిస్తాడు. డయోడోటస్ అడ్డుపడతాడు గాని జాలి మీద ఆధారపడడు, చంపితే మనకేమి లాభమని అడుగుతాడు. ఈ మెలికను నువ్వు ముందే విప్పకు, వాళ్లే పట్టుకోవాలి. ఇద్దరి వాదాలూ చదివించి, చేతులెత్తించి ఓటు తీసుకున్నాకే రెండో ఓడ సంగతి తెరువు. మొదటి ఓడ అప్పటికే ఒక పగలూ ఒక రాత్రీ ముందుంది. వైనూ నూనే కలిపిన బార్లీ పిండి తింటూనే తెడ్లు వేస్తూ, వంతులవారీగా నిద్రపోతూ వెళ్లినవాళ్లు, సేనాని పాకీస్ ఆ తీర్మానాన్ని చదివి అమలుకు సిద్ధమవుతున్న వేళకు చేరుకున్నారు. తరగతి ఊపిరి పీల్చుకుంటుంది. అక్కడ ఆపితే మాత్రం పాఠం అబద్ధమవుతుంది, ఎందుకంటే తిరుగుబాటుకు కారకులని వెయ్యిమందికి పైగా చంపారని ఆ వెంటనే థుసిడిడీసే రాశాడు.

ఆ ప్రసంగాలు అచ్చంగా పలికినవేనా అన్నది తరవాతి మెట్టు. మాటలను యథాతథంగా గుర్తుంచుకోవడం కష్టమైందనీ, అసలు భావానికి వీలైనంత దగ్గరగా ఉంటూ సందర్భానికి తగినట్టు రాశాననీ మొదటి భాగంలో ఆయనే చెప్పుకున్నాడు. క్రీ.పూ. 424లో సేనానిగా ఆంఫిపోలిస్ నగరాన్ని కాపాడలేక ఇరవయ్యేళ్లు ప్రవాసంలో గడిపిన మనిషి, 416లో మెలోస్ ద్వీపపు పెద్దలతో ఏథెన్స్ దూతలు జరిపిన సంభాషణను ఎలా రాయగలిగాడో వాళ్లనే తేల్చుకోనివ్వు.

స్పార్టా దగ్గర నేను చాలాకాలం తప్పు చేశాను. స్పార్టాకు చట్టాలు చేశాడని చెప్పే లైకర్గస్ గురించి ప్లూటార్క్ రాసిన జీవితచరిత్రను కళ్లారా చూసినవాడి సాక్ష్యంలాగా చెప్పేవాణ్ణి. ఆయన క్రీ.శ. 100 ప్రాంతంలో, రోమన్ పాలనలో, మనం చెప్పే కాలానికి అయిదు శతాబ్దాల తరవాత రాశాడన్నది పుస్తకం మొదటి పుటలోనే ఉన్నా నేను దాన్ని దాటేసేవాణ్ణి. లైకర్గస్ గురించి వివాదం లేకుండా చెప్పగలిగింది ఏదీ లేదని ఆయన మొదటి వాక్యంలోనే ఒప్పుకున్నాడు. ఆ వాక్యాన్ని ఒక విద్యార్థిని నాకు చదివి వినిపించింది. నువ్వు ఆ కాలానికి దగ్గరివాడైన జెనోఫోన్ రాతలను తోడు తెచ్చుకొని, ఆర్టెమిస్ ఆర్థియా ఆలయ తవ్వకాల్లో దొరికిన లక్షకు పైగా సీసపు బొమ్మలను చూపి, అప్పుడు ప్లూటార్క్ దగ్గరికి రా. కళలంటే గిట్టని ఊరన్న మాట ఎంతవరకు నిలుస్తుందో తెలుస్తుంది.

వనరులకు డబ్బు పోయనక్కరలేదు. టఫ్ట్స్ విశ్వవిద్యాలయపు పెర్సియస్ గ్రంథాలయంలో మూలాలూ అనువాదాలూ ఉచితంగా దొరుకుతాయి, కాకపోతే ఆ అనువాదాలు పాతవి, వాటి ఇంగ్లీషు పిల్లల గొంతు దిగదు. థుసిడిడీస్ గ్రంథానికి అడుగడుగునా పటాలుండే లాండ్‌మార్క్ ముద్రణ ఒకటి బడి చేత కొనిపించు. శాసనాలకు అటిక్ ఇన్‌స్క్రిప్షన్స్ ఆన్‌లైన్ అనే వెబ్‌సైటు చాలు. బ్రిటిష్ మ్యూజియంకు తీసుకెళ్తే పార్థినాన్ శిల్పాల దగ్గరే రోజంతా గడపకుండా, క్రీ.పూ. 432లో పొటిడేయా దగ్గర చనిపోయిన ఏథెన్స్ సైనికుల స్మారక శాసనం ముందు కాసేపు నిలబెట్టు.

మరో జాగ్రత్త. నున్నగా మెరుగుపెట్టిన కుండీ వద్దు, మేకు దిగదు. మామూలు ఎర్రమట్టిదే తీసుకొని, పెంకుల అంచులను ఇసుక కాగితంతో రుద్ది మరీ పిల్లల చేతికివ్వు.

ఇట్లు,
మామయ్య