ప్రతి వాక్యం ‘మారింది’తో ముగుస్తుంటే

మీ హైదరాబాద్ వ్యాసంలో ఏ పేరా చూసినా ‘మారింది’ అనే ముగుస్తోందని, వేరే మాట తట్టడం లేదని అడిగారు. టెన్షన్ పడకండి. ముందు ఆ మార్పు ఎలా జరిగిందో చూడండి, మాట అదే దొరుకుతుంది.

ఫలక్‌నుమా ప్యాలెస్ 2010లో హోటల్ అయింది. అక్కడ ‘అయింది’ చాలు. మాదాపూర్ అలా కాదు. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యాక ఏళ్ల తరబడి సాగిన మార్పు అది. ‘ఐటీ కేంద్రంగా ఎదిగింది’ అనండి, లేదా ‘మారుతూ వచ్చింది’. మీకు నచ్చని మార్పైతే ‘తయారైంది’ ఉంది. ‘మా వీధి పార్కింగ్ స్థలంలా తయారైంది’ అంటే విసుగు విడిగా చెప్పక్కర్లేదు.

‘పోవు’ చేర్చేటప్పుడు మాత్రం జాగ్రత్త. ‘చెరువు ఎండింది’ అంటే సమాచారం. ‘ఎండిపోయింది’ అంటే ఇక చుక్క లేదని, కాస్త బాధ కూడా వినిపిస్తుంది. ప్రతిదానికీ ‘పోయింది’ తగిలిస్తే వ్యాసం సంతాపసభలా ఉంటుంది.

ఇక ఇరానీ ఛాయ్ పేరాలో ‘పాలు చిక్కగా మారతాయి’ అని రాశారు. ఎవరంటారండీ అలా? పాలు మరిగి చిక్కబడతాయి. పెరుగు పులుస్తుంది, నెయ్యి పేరుకుంటుంది, చొక్కా రంగు వెలుస్తుంది. ఇలా సొంత క్రియ ఉన్నచోట ‘మారు’ జోలికి వెళ్లకండి. లేనిచోట, అంటే కోఠిలోని పాత బ్రిటిష్ రెసిడెన్సీ భవనం మహిళా కళాశాలగా మారడం లాంటివాటికి, అదే సరైన మాట. వ్యాసం మొత్తంలో రెండు మూడు ఉంటే ఎవరికీ అడ్డు రావు.