కొల్లేటి మావులు ఖాళీ చేస్తున్నది గూడబాతులేనా?

ప్రశ్న: సార్, మాది కొల్లేటి లంక ఊరు. మావుల్లో (చేపలు పట్టే బోనుల్లో) నాటు చేప బాగా తగ్గింది. గూడబాతులే (పెలికాన్ పక్షులే) తినేస్తున్నాయి, తరిమేద్దాం అంటున్నారు మా కుర్రాళ్లు. మీరేమంటారు?
– ఓ మత్స్యకారుడు

జవాబు: తరమొద్దు తమ్ముడూ. చిత్తడి నేలల సర్వేల కోసం ఆ లంకల్లో ఎన్నోసార్లు పడవెక్కాను. కొల్లేటి పక్షుల కేంద్రం ఆటపాకలో ఇనుప మంచెల మీద గూళ్లు పెట్టే గూడబాతు నీళ్లలోకి మునగలేదు. పైపైన తిరిగే చేపనే ముక్కుసంచితో తోడుకుంటుంది. మీ కొర్రమీను, మట్టగిడస దాక్కునేది తుంగ మొదళ్లలో, బురదలో.

మీ ఊళ్లో వల కన్ను ఎంత? దోమతెరలు కూడా వేస్తున్నారా? వానాకాలంలో కొర్రమీను పిల్లల్ని చూసే ఉంటావు. నీటి మీద గుప్పెడు కుంకుమ చల్లినట్టు ఎర్రటి గుంపు, దాని కిందే తల్లీతండ్రీ కాపలా. ఆ జంటని గాలానికి పట్టేస్తే పిల్లలకి దిక్కుండదు. ఇది చూసినప్పుడల్లా నాకు కడుపు తరుక్కుపోతుంది.

తప్పంతా మీది కాదు. 1999లో అభయారణ్యం, 2002లో రామ్‌సర్ (అంతర్జాతీయ చిత్తడి నేలల జాబితా) గుర్తింపు వచ్చినా, 2006లో సర్కారు పగలగొట్టిన అక్రమ చేపల చెరువుల గట్లు మళ్లీ లేచాయి. బుడమేరు విజయవాడ మురుగు తెస్తోంది. సముద్రానికి ఉన్న ఒకే దారి ఉప్పుటేరు పూడుకుపోతోంది.

ఈ వానాకాలం జంటల్ని వదిలేయండి, దోమతెరలు కట్టిపెట్టండి. మావు తీసిన ప్రతిసారీ ఏ చేప ఎన్ని పడ్డాయో నోటుబుక్కులో రాయండి. ఏడాది లెక్క చేతిలో ఉంటే మత్స్యశాఖ, అటవీశాఖ అధికారుల ముందు మీ తరఫున నేనే కూర్చుంటాను.