కటింగ్ ప్లేయర్ ప్రశ్నలు: ఎగిరే ముక్క, ఇన్వర్టర్ వైరు, బిగిసిన కంచె

ఈసారి ఒడిశా సరిహద్దు ఊళ్ల నుంచి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు కటింగ్ ప్లేయర్ మీదే. ఒకేలా ఉన్నవాటిని కలిపి జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న (పర్లాకిమిడి): మేడమీద పందిరికి జీఐ తీగ కడుతున్నాం. చివరలు కత్తిరిస్తుంటే చిన్న ముక్కలు టప్పున ఎగిరి ముఖం మీదికి వస్తున్నాయి. ఒకటి మా తమ్ముడి కనురెప్ప కింద గుచ్చుకుంది. మెల్లిగా నొక్కినా అదే వరస. లావు తీగ అయితే అసలు తెగడం లేదు.

జవాబు: మెల్లిగా నొక్కడం వల్ల లాభం లేదు. ప్లేయర్ బ్లేడులు రెండూ మేకుల్లా దిగుతూ తీగను రెండు పక్కలకీ నెడతాయి. చివరి పొర తెగేటప్పుడు ఆ ఒత్తిడంతా ఒక్కసారి వదిలేస్తుంది. రెండిట్లో ఏ ముక్క తేలికో అది ఎగురుతుంది. అందుకే అంగుళం లోపు ముక్కలే ఎక్కువ ప్రమాదం. తీగ గట్టిదయ్యేకొద్దీ దూకుడు ఎక్కువ.

ముక్క ఎటు పోవాలో నొక్కకముందే మీరు నిర్ణయించాలి. కోసే చోటును నడుము కంటే కిందికి దించండి, ఊడిపోయే కొసను నేలవైపు తిప్పండి. ముక్క పొడుగ్గా ఉంటే రెండో చేత్తో దాన్నే పట్టుకోండి, అది ఎక్కడికీ పోదు. పట్టుకోవడానికి అందనంత చిన్నదైతే ప్లేయర్ నోటిమీద మందపాటి గుడ్డ కప్పి కోయండి, లేదా గోనెసంచి మూతిలో పెట్టి కోయండి. కంటికి పక్కలు కూడా మూసే సేఫ్టీ కళ్లద్దాలు కావాలి. చూపు కోసం పెట్టుకునే అద్దాలకు పక్కన ఖాళీ ఉంటుంది, ఈ పనికి అవి సరిపోవు. పక్కన నిలబడి చూసే పిల్లల్ని ముందే పంపించేయండి. ఎప్పుడైనా ముక్క కంట్లోనే గుచ్చుకుంటే నలపకూడదు, లాగకూడదు. కంటిమీద ఒత్తిడి పడకుండా మూసి నేరుగా కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

ఇంకో సంగతి చాలామంది మరిచిపోతారు. కొత్త చుట్ట విప్పేటప్పుడు కట్లన్నీ ఒకేసారి కోస్తే చుట్ట మొత్తం విచ్చుకుని ముఖానికి తగులుతుంది. చుట్టమీద బూటుకాలు పెట్టి, పైకొసను చేత్తో పట్టుకుని, కట్లు ఒక్కొక్కటిగా తెంచండి.

ఇక తెగకపోవడం సంగతి. గేజ్ నంబరు తగ్గితే తీగ లావు పెరుగుతుంది. 14 గేజ్ సుమారు 2.03 మి.మీ., 12 గేజ్ 2.64, 10 గేజ్ 3.25, 8 గేజ్ 4.06. అంటే 14 నుంచి 8కి వెళ్తే అడ్డకొలత రెట్టింపు, కోయాల్సిన ఇనుము నాలుగు రెట్లు. దానికి తోడు మీరు తీగను బ్లేడు చివర పెడుతున్నట్టున్నారు. లెక్క చూడండి: పిడిమీద మీ చెయ్యి బందు (ప్లేయర్ రెండు భాగాలూ కలిసే కీలు) నుంచి 120 మి.మీ. దూరంలో ఉంటే, బందుకు 12 మి.మీ. దూరంలో పెట్టిన తీగమీద మీ బలం పదింతలు పడుతుంది. అదే తీగను 24 మి.మీ. దగ్గర పెడితే ఐదింతలే. కనుక తీగను వీలైనంత లోపలికి, బందుకు ఆనేలా తోయండి.

కొన్ని ప్లేయర్లకు బందు పక్కన బయటివైపు చిన్న గాడులు ఉంటాయి. పిడులు విప్పితే ఆ గాడులు ఒక వరసకు వస్తాయి. గట్టి తీగను అందులో పెట్టి పిడులు మూస్తే కత్తెర వేసినట్టు తెగుతుంది. బ్లేడుకు తీగ నిలువుగా ఉండాలి. ఏటవాలుగా పెట్టి, తెగలేదని ప్లేయర్‌ను అటూ ఇటూ ఊపితే బ్లేడు అంచు పెచ్చు ఊడుతుంది. పిడికి పైపు తొడిగి నొక్కడం, ప్లేయర్‌మీద సుత్తితో కొట్టడం రెండూ వద్దు. మెత్తని జీఐ తీగ అయితే చుట్టూ తిప్పుతూ గాటు పెట్టి, గాటుకు రెండు పక్కలా పట్టుకుని నాలుగైదుసార్లు ముందుకూ వెనక్కూ వంచండి, విరుగుతుంది. 8 గేజ్‌కి బోల్ట్ కట్టరో, ఆక్సా బ్లేడో తీసుకోవడమే మర్యాద.

ప్రశ్న (గుణుపురం): మావయ్యగారు మెయిన్ ఆపేశారు. పాత ఫ్యాను వైరు కోశాను. పెద్ద మెరుపు వచ్చి ప్లేయర్ బ్లేడుకి గుంట పడింది. పిడికి రబ్బరు తొడుగు ఉంది కాబట్టి నాకేమీ కాలేదు. మెయిన్ ఆపినా కరెంటు ఎలా వచ్చిందండీ?

జవాబు: మీ ఇంట్లో ఇన్వర్టర్ ఉందా? ఉంటే కారణం అదే అయ్యుంటుంది. మెయిన్ ఆపగానే కరెంటు పోయిందనుకుని ఇన్వర్టర్ ఫ్యాన్లకూ లైట్లకూ సరఫరా మొదలుపెడుతుంది. మీరు చేసిన పనివల్లే ఆ వైరులోకి కరెంటు వచ్చిందన్నమాట. మెయిన్‌తోపాటు ఇన్వర్టర్‌ను కూడా ఆపి, దాని నుంచి బయటికి వెళ్లే లైను ఎంసీబీని కూడా దించాలి. మెయిన్ దగ్గర ఒక మనిషిని నిలబెట్టండి, లేదా స్విచ్చికి చీటీ కట్టండి. "చీకటిగా ఉందే" అంటూ ఎవరో ఒకరు వేసేస్తారు.

టెస్టర్‌ను మూడుసార్లు పెట్టాలి. ముందు కరెంటు ఉన్నట్టు తెలిసిన ప్లగ్గులో పెట్టి వెలుగుతోందో లేదో చూడండి. తర్వాత మెయిన్, ఇన్వర్టర్ రెండూ ఆపి, కోయబోయే వైర్ల చివరల్లో పెట్టండి. మళ్లీ కరెంటున్న చోట పెట్టి, మధ్యలో టెస్టర్ పాడవలేదని నిర్ధారించుకోండి. మీ ఇంట్లో అన్నీ ఆపేశాక కరెంటున్న ప్లగ్గు ఉండదు కాబట్టి మొదటి, మూడో పరీక్షలకు పక్కింటి బోర్డు వాడండి.

రెండో తప్పు: ఫేజూ న్యూట్రలూ కలిపి ఒకే కాటుకు కోశారు. రెండిటి మధ్య ఇనుప బ్లేడు పడితే షార్ట్ సర్క్యూట్, ఆ గుంట అక్కడ కరిగిన ఇనుమే. అన్నీ ఆపాక కూడా ఒక్కో వైరే కోయాలి. కోసిన వెంటనే చివరకు టేపు చుట్టాలి, ఆ తర్వాతే రెండోది.

రబ్బరు తొడుగు సంగతి: అది చాలా ప్లేయర్లకు పట్టు కోసం వేసినదే. కరెంటు పనికి పరీక్షించిన ప్లేయర్‌కు రెండు త్రిభుజాల గుర్తు, 1000 వోల్ట్ అని అచ్చు ఉంటాయి. ఆ గుర్తున్నా తొడుగు చీలినా, చెమటకు తడిసినా నమ్మకూడదు. కరెంటు ఉన్న వైరు కోయడానికి అది అనుమతి కాదు.

ప్రశ్న (కాశీనగర్): జీడితోటకు పాత ముళ్లకంచె తీసి కొత్తది వెయ్యాలి. బిగించిన తీగ కోసినప్పుడు వెనక్కి కొడుతుందంటున్నారు. ఎలా కొయ్యాలి బాబూ?

జవాబు: ప్లేయర్ తీయకముందు కంచె చుట్టూ ఒకసారి నడిచి చూడండి, ముట్టుకోకుండా. అడవిపందుల కోసం ఎవరైనా దొంగచాటుగా కంచెకు కరెంటు తగిలించి ఉండొచ్చు. గాలివానకు తెగిన లైను వైరు దానిమీద పడి ఉండొచ్చు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి మీ గజపతి జిల్లాను ఎంత దెబ్బతీసిందో మీకు చెప్పనక్కరలేదు. అలాంటి గాలి తర్వాత ఏ తీగ మీద ఏ వైరు పడిందో పైకి తెలియదు. ఇనుప కంచె కరెంటును దూరందాకా మోసుకుపోతుంది. అనుమానం వస్తే దూరంగా జరిగి కరెంటు వాళ్ల నంబరు 1912కి ఫోన్ చెయ్యండి. వాళ్లు వచ్చి చూసేదాకా ఆ పక్కకు మనిషినీ పశువునూ పోనివ్వొద్దు.

తర్వాత మూల స్తంభం దగ్గర తీగ బిగువును మెల్లగా వదలండి. వదలడానికి వీల్లేకుండా తుప్పుపట్టి ఉంటే మధ్య స్తంభాలకున్న కట్లు మాత్రం ముందే విప్పొద్దు. అవి ఉంటే తీగ రెండు స్తంభాల మధ్య మేరే వెనక్కి లాగుతుంది. అన్నీ విప్పేసి కోస్తే మొత్తం పొడవు దూకుతుంది. స్తంభానికి జానెడు దూరంలో కోయండి. స్తంభం మీకూ పొడుగు తీగకూ మధ్య ఉండాలి, తీగ వరసలో మనుషులెవరూ నిలబడకూడదు. ముళ్లతీగలో రెండు పేటలుంటాయి, ఒక్కో పేటే కోయండి. తోలు గ్లౌజులు, పొడుగు చేతుల చొక్కా తప్పనిసరి. ముల్లు గీరుకుంటే కడిగి, టెటనస్ ఇంజక్షన్ సంగతి డాక్టరును అడగండి.

కోసిన ముక్కలు గడ్డిలో వదలకండి. ఆవు మేతతోపాటు తీగముక్క మింగితే అది పొట్ట గోడను చీల్చుకుని గుండె పొరదాకా పోవచ్చు. పని అయ్యాక తాడుకు కట్టిన అయస్కాంతాన్ని నేలమీద ఈడ్చండి, కంటికి కనపడనివి కూడా అంటుకుంటాయి.

ప్రశ్న (రాయగడ): బైకు క్లచ్ వైరు కోస్తే పేటలు విచ్చుకుంటున్నాయి, ప్లేయర్ బ్లేడుకు సొట్టలు పడ్డాయి. నూరుకోవచ్చా?

జవాబు: క్లచ్ వైరు పేటలు గట్టి స్టీలు, మామూలు బ్లేడుకు అవి సరిపడవు. కోసే చోట గట్టిగా టేపు చుట్టి, కేబుల్ కట్టర్‌తో టేపు మధ్యలో కోయండి, పేటలు విచ్చుకోవు. సొట్టపడ్డ బ్లేడును గ్రైండర్‌మీద పెడితే వేడికి అంచు నీలంగా మారి మెత్తబడుతుంది. ప్లేయర్ మూసి వెలుగుకు ఎత్తి చూడండి. బ్లేడుల మధ్య వెలుతురు కనిపిస్తే ఆ ప్లేయర్‌ను పట్టుకోవడానికీ మెలిపెట్టడానికీ ఉంచుకుని, కోతకు వేరేది కొనండి.

ప్రశ్న (బరంపురం): వర్షాకాలంలో ప్లేయర్ బిగుసుకుపోయింది.

జవాబు: బందుమీద కిరసనాయిలు చుక్కలు వేసి కాసేపు నాననిచ్చి తెరుస్తూ మూస్తూ ఉండండి. నల్లనీరు పోయాక తుడిచి, ఒక చుక్క మెషిన్ ఆయిల్ వెయ్యండి. పిడికి నూనె అంటితే మాత్రం పొడిగుడ్డతో పూర్తిగా తుడవండి, జారుతుంది.