ముందు ఒక్క పేజీ విప్పి చూడరా

ఒరేయ్ నాన్నా,

వెబ్ డిజైన్ నేర్చుకోవడానికి నువ్వు పంపిన లిస్టు చూశాను. కోర్సులు, వీడియో చానళ్లు, ఇన్‌స్పిరేషన్ సైట్లు, ఫాంట్ల సైట్లు, అన్నీ మంచివే. వీటిలో దేంతో మొదలుపెట్టాలి పిన్నీ అని అడిగావు. అంత పొడుగు లిస్టు ముందు పెట్టుకుంటే ఎవరికైనా టెన్షనే. నన్నడిగితే అందులో మూడొంతులు ఇప్పటికి పక్కన పడెయ్. లింకు దాచుకోగానే ఏదో నేర్చేసుకున్నట్టు తృప్తిగా ఉంటుంది, పని మాత్రం ఒంటికి పట్టదు. ఒక మంచి పేజీని తీసుకుని, నట్లూ బోల్టులూ విప్పి, మళ్లీ మన చేత్తో బిగిస్తేనే ఈ పని వస్తుంది. అందుకే ఎవరు ఏ రిసోర్స్ చెప్పినా నేను ముందు చూసేది ఒకటే: ఇది లోపల ఎలా ఉందో చూడనిస్తుందా లేదా అని.

వెబ్‌లో ఉన్న గొప్ప సుఖం అదే. నీకు చదవడానికి హాయిగా ఉన్న సైటు ఏదైనా తెరువు. కంప్యూటర్లో రైట్ క్లిక్ చేసి ఇన్‌స్పెక్ట్ నొక్కు, పేజీ వెనకున్న కోడ్, కొలతలు కనిపిస్తాయి. హెడింగ్ ఎన్ని పిక్సెళ్లు, కింద మ్యాటర్ ఎన్ని, లైన్ హైట్ (ఒక్కో లైనుకి ఇచ్చిన ఎత్తు) ఎంత, పేరాకీ పేరాకీ మధ్య ఖాళీ ఎంత, అన్నీ కాగితం మీద రాసుకో. చాలా సైట్లలో ఆ ఖాళీలు 8, 16, 24, 32 అని ఒక వరసలో పోవడం గమనిస్తావు. ఇంగ్లిష్ పేజీ అయితే ఒక్కో లైనులో ఎన్ని అక్షరాలు పడుతున్నాయో లెక్కపెట్టు. 45 నుంచి 75 మధ్య ఉంటే కన్ను అలసిపోదని టైపోగ్రఫీ వాళ్లు ఎప్పటినుంచో చెప్పే మాట. ఇప్పుడు ఆ పేజీ మూసేసి, రాసుకున్న అంకెలతోనే నువ్వు కట్టు. స్క్రీన్లు గీసే ఫిగ్మా సాఫ్ట్‌వేర్‌లో అయినా సరే, నేరుగా వెబ్ పేజీలు రాసే హెచ్‌టీఎంఎల్ కోడ్‌లో అయినా సరే. అయ్యాక రెండూ పక్కపక్కన పెట్టు. నీది ఎక్కడో తేడా కొడుతుంది. ఎందుకు కొడుతోందో వెతికి పట్టుకోవడంలోనే చదువంతా ఉంది. చాలాసార్లు ఆ దొంగ ఎవరో కాదు, ఖాళీ స్థలమే అని తేలుతుంది. ఇలా కట్టినవి ప్రాక్టీసు కోసమే సుమా, పోర్ట్‌ఫోలియోలో నీ సొంత పని అని పెట్టకు.

ఇన్‌స్పెక్ట్ తెరిచావు కాబట్టి ఇంకొకటి చూడు. క్రోమ్‌లో అక్షరాల రంగు పక్కనున్న చిన్న చదరం మీద నొక్కితే కాంట్రాస్ట్ రేషియో, అంటే అక్షరాల రంగుకీ వెనక రంగుకీ వెలుగులో ఎంత తేడా ఉందో చెప్పే అంకె, కనిపిస్తుంది. చూపు సరిగా లేనివాళ్లతో సహా అందరూ సైటు వాడగలగాలని (దీన్నే వెబ్ యాక్సెసిబిలిటీ అంటారు) వెబ్ ప్రమాణాలు తయారుచేసే డబ్ల్యూత్రీసీ సంస్థ పెట్టిన గైడ్‌లైన్స్ ఉన్నాయి. వాటి ప్రకారం మామూలు సైజు అక్షరాలకు అది కనీసం 4.5:1 ఉండాలి, పెద్ద అక్షరాలకు 3:1 చాలు. తెల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద #777777 అనే కోడ్ ఉన్న బూడిద రంగు పెడితే 4.48 వస్తుంది, ఫెయిల్. #767676 పెడితే 4.54, పాస్. ఆ రెండు రంగులకీ తేడా నీ కంటికీ తెలీదు, నా కంటికీ తెలీదు. అందుకే కళ్లను నమ్ముకోకుండా కొలవమంటున్నాను. అక్షరాలు లేత బూడిదలో ఉంటేనే క్లాసీగా ఉంటుందని పట్టుబట్టే క్లయింట్ నీకూ తగులుతాడు. ఆయన అడిగే #999999 కి వచ్చేది 2.85. అంకె చూపించు, వాదన తగ్గుతుంది.

నీ లిస్టులో లేనిది ఒకటి చెప్తాను. సీఎస్ఎస్ జెన్ గార్డెన్ అనే సైటు. డేవ్ షే అనే డిజైనర్ 2003లో మొదలుపెట్టాడు. హెచ్‌టీఎంఎల్ ఫైల్ అందరికీ ఒకటే, అందులో అక్షరం కూడా మార్చకూడదు. పేజీ రూపం ఎలా ఉండాలో చెప్పే సీఎస్ఎస్ కోడ్ మాత్రం ఎవరిది వాళ్లు రాసుకోవచ్చు. అదే మ్యాటర్ ఒకరి చేతిలో పాత పోస్టర్‌లా, ఇంకొకరి చేతిలో పత్రికలా తయారైంది. పాతబడింది కదా అని తీసిపారేయకు. ఆ ఫైల్ దించుకుని గ్రిడ్, ఫ్లెక్స్‌బాక్స్ అనే సీఎస్ఎస్ అమరిక పద్ధతులతో నీ పద్ధతిలో ఒక డిజైన్ చెయ్. మ్యాటర్ మార్చే వీల్లేదన్నప్పుడు బుర్ర ఎలా పరుగెడుతుందో నీకే తెలుస్తుంది. అలాగే సైట్ల పాత రూపాలు దాచిపెట్టే ఇంటర్నెట్ ఆర్కైవ్ వాళ్ల వేబ్యాక్ మెషీన్‌లో ఏదైనా పెద్ద సైటు హోమ్ పేజీని ఏడాదికొకటి చొప్పున తెరిచి చూడు. ఏ బటన్ ఎక్కడికి జరిగింది, ఏ మెనూ మాయమైంది, ఎందుకై ఉంటుందో ఊహించు. నీ ఊహ తప్పైనా ఫర్వాలేదు, చూపు పదునెక్కుతుంది.

ఇక డిజైనర్లు తమ పని పెట్టే డ్రిబుల్, బిహాన్స్ సైట్ల సంగతి. చూడొద్దనను, నేనూ చూస్తాను. కాకపోతే అక్కడ కనిపించే వాటిలో చాలా మటుకు ఎవరూ వాడని స్క్రీన్లు. అందులో మనుషుల పేర్లన్నీ పొట్టిగా ఉంటాయి, ఫొటోలన్నీ అందంగా ఉంటాయి, గ్రాఫులన్నీ పైకే పోతుంటాయి. నీకు నచ్చిన షాట్ (అక్కడ పెట్టే స్క్రీన్ బొమ్మ) ఒకటి తీసుకుని అందులో నాలుగు ముక్కల పొడుగు పేరు పెట్టు. ఫొటో తీసెయ్. లిస్టు ఖాళీగా ఉంటే ఏం చూపించాలి, నెట్ పోతే ఏం చూపించాలి, పాస్‌వర్డ్ తప్పు కొడితే ఎర్ర అక్షరాలు ఎక్కడ రావాలి, ఇవన్నీ నువ్వు గీయి. సగం షాట్లు అక్కడికక్కడే కూలిపోతాయి. నిలబడ్డ వాటిని మాత్రం దాచుకో. ఫాంట్లు నిజం పనుల్లో ఎలా వాడారో చూడాలంటే ఫాంట్స్ ఇన్ యూజ్ అనే సైటు ఉంది. పుస్తకాల అట్టలు, పోస్టర్లు, బోర్డులు, ఏ ఫాంటో పేరుతో సహా పెడతారు. నాకైతే మిగతా ఇన్‌స్పిరేషన్ సైట్లన్నీ ఒక ఎత్తు, అదొక్కటీ ఒక ఎత్తు.

స్క్రీన్ బయటికి కూడా రావాలి నాన్నా. లండన్ అండర్‌గ్రౌండ్ రైళ్ల మ్యాపు గీసిన హ్యారీ బెక్ సిగ్నల్స్ ఆఫీసులో పనిచేసిన డ్రాఫ్ట్స్‌మన్. అసలు దూరాలు, వంపులు పక్కన పెట్టి, అడ్డం, నిలువు, 45 డిగ్రీల గీతలు మాత్రమే వాడి 1931లో గీసి చూపిస్తే ముందు వద్దన్నారు. 1933లో అచ్చేశారు, జనం ఎగబడి తీసుకున్నారు. రైల్లో కూర్చున్నవాడికి కావాల్సింది ఎక్కడ ఎక్కాలి, ఎక్కడ మారాలి, ఎక్కడ దిగాలి అన్నదే కదా. ఏది తీసెయ్యాలో తెలియాలంటే ఆ మ్యాపు ముందు ఒక గంట కూర్చో. ఇంకొకరు సుసాన్ కేర్. 1984లో వచ్చిన ఆపిల్ మ్యాకింటాష్ కంప్యూటర్ ఐకాన్లు ఆవిడ గళ్ల కాగితం మీద గీసినవే. 32 గళ్లు అడ్డం, 32 గళ్లు నిలువు, నలుపూ తెలుపూ తప్ప రంగు లేదు. నువ్వూ ఒక గళ్ల పుస్తకం కొనుక్కుని "సేవ్ కాలేదు" అన్న అర్థం వచ్చేలా ఒక ఐకాన్ గీసి చూడు. అక్షరం రాయకూడదు. నవ్వులాటలా ఉంటుంది, మొదలుపెడితే సాయంత్రం అయిపోతుంది.

రంగుల మీద పెద్ద కోర్సేమీ అక్కర్లేదు. రెండు చదరాలు తీసుకో, ఒకటి నల్లగా, ఒకటి తెల్లగా. ఒక్కోదాని నడిమధ్యలో ఒకే బూడిద రంగు ముక్క పెట్టు. నల్లదాని మీదది లేతగా, తెల్లదాని మీదది ముదురుగా కనిపిస్తుంది. పక్కన ఏముందన్న దాన్ని బట్టే రంగు ఉంటుందని తెలిశాక, ప్యాలెట్ జనరేటర్లు ఇచ్చే ఐదు రంగుల పట్టీని గుడ్డిగా నమ్మవు.

తెలుగులో డిజైన్ చేసేవాళ్లకి మాత్రం ఇంకో తలనొప్పి ఉంది, అది ఇంగ్లిష్ కోర్సుల్లో ఎక్కడా చెప్పరు. లోరెమ్ ఇప్సమ్ అనే లాటిన్ లాంటి నమూనా మ్యాటర్ పోసి డిజైన్ ఓకే చేయించుకుంటారు. తర్వాత అదే బటన్‌లో "రాష్ట్రం" అని పెట్టగానే కింద వత్తులు కోసుకుపోతాయి. మనకు పైన గుడులు, కింద వత్తులు, ఒక్కోసారి వత్తు కింద వత్తు. బటన్ ఎత్తు పిక్సెళ్లలో బిగించేయకుండా ప్యాడింగ్‌తో (అక్షరాల చుట్టూ లోపల వదిలే ఖాళీతో) పెరగనివ్వు. మ్యాటర్‌కి లైన్ హైట్ నేను అక్షరం సైజుకి 1.7 రెట్ల కంటే తగ్గించను. మనకు క్యాపిటల్ లెటర్లు లేవు కాబట్టి, అన్నీ క్యాపిటల్స్ పెట్టి హెడింగ్ నిలబెట్టే ఇంగ్లిష్ ఉపాయం ఇక్కడ పనిచేయదు. సైజు, బరువు (అక్షరాల మందం), ఖాళీ, వీటితోనే తేడా చూపించాలి. గూగుల్ ఫాంట్స్‌లో తెలుగువి బోలెడున్నాయి. మండలి మ్యాటర్‌కి బాగుంటుంది, రామభద్ర హెడింగుల్లోనే అందం, చిన్న సైజులో పెడితే ముద్ద అయిపోతుంది. అనెక్ తెలుగులో బరువులు చాలా ఉన్నాయి, యాప్ స్క్రీన్లకు పనికొస్తుంది. డీటీపీ వాళ్లు యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ ఒకేలా గుర్తించే అక్షరాల కోడ్) కాని పాత ఫాంట్లలో కొట్టిన మ్యాటర్ ఇస్తే ముందే యూనికోడ్‌లోకి మార్చుకో. లేకపోతే వెబ్ పేజీలో పిచ్చి గుర్తులే కనిపిస్తాయి.

కోడింగ్‌కి ఫ్రీకోడ్‌క్యాంప్ గానీ, గూగుల్ వాళ్ల లెర్న్ సీఎస్ఎస్ గానీ, రెండింట్లో ఒకటి పట్టుకుని చివరిదాకా వెళ్లు. సందేహం వచ్చినప్పుడు వెబ్ కోడ్ వివరాలన్నీ ఉండే ఎండీఎన్ సైటు తెరువు, దాన్ని మొదటి పేజీ నుంచి చదవాలని కూర్చోకు. సాఫ్ట్‌వేర్ గొడవల్లోకి దిగకు. వెబ్‌లో కదిలే బొమ్మలు చేసే ఫ్లాష్ సాఫ్ట్‌వేర్ నేర్చుకుని దాని మీదే బతికినవాళ్లు ఉన్నారు, 2020 చివర్లో దానికి సపోర్టే ఆగిపోయింది. ఫిగ్మా చాలు. డబ్బు పెట్టలేకపోతే ఇంక్‌స్కేప్, పెన్‌పాట్ ఉన్నాయి.

బొమ్మల విషయంలో జాగ్రత్త. నెట్‌లో దొరికిందల్లా ఫ్రీ కాదు. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం 2017లో తన దగ్గరున్న పబ్లిక్ డొమైన్ (కాపీరైట్ లేని) బొమ్మల ఫొటోలను సీసీ జీరో (ఎవరైనా వాడుకోవచ్చనే లైసెన్స్) కింద వదిలేసింది, క్లయింట్ పనుల్లో కూడా వాడుకోవచ్చు. పాత బట్టల డిజైన్లు, అంచులు, అట్టలు చూస్తుంటే పొద్దు తెలీదు. ఫాంట్ దించుకునేటప్పుడు లైసెన్స్ ఫైల్ కూడా దాచుకో, ఎప్పుడో ఒకసారి క్లయింట్ అడుగుతాడు.

చేసింది ఎవరికైనా చూపించేటప్పుడు "ఎలా ఉంది?" అని అడగకు. బాగుంది అంటారు, అక్కడితో అయిపోతుంది. ఫోన్ చేతిలో పెట్టి "ఇందులో అడ్రస్ మార్చు" అని చెప్పి నోరు మూసుకుని కూర్చో. వేలు ఎక్కడ ఆగిందో, ఎక్కడ రెండుసార్లు నొక్కిందో రాసుకో. మధ్యలో "అదిగో, పైన ఉంది" అనాలనిపిస్తుంది, అనకు.

వచ్చే వారం నువ్వు విప్పిన పేజీ, నువ్వు కట్టిన పేజీ రెండూ పంపు. స్క్రీన్‌షాట్ వద్దు, ఫైలే పంపు. ఫైల్లోని లేయర్లకు (డిజైన్‌లో ఒకదాని మీద ఒకటి పేర్చిన ముక్కలకు) "రెక్టాంగిల్ 47", "గ్రూప్ 12 కాపీ" అని పేర్లుంటే మాత్రం తెరవను, ముందే చెప్తున్నా.

ఆశీస్సులతో,
పిన్ని