టెక్ సందేహాలు: పొగమంచు కప్పితే మ్యాప్ దాగదు

డంజన్స్ అండ్ డ్రాగన్స్ లాంటి టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ ఆటలను ఆన్‌లైన్‌లో నడిపేవాళ్ల నుంచి ఉత్తరాలు ఆగడం లేదు. ప్రశ్నలు వేరైనా జబ్బు ఒకటే. ఆట జరిగే చోటును గళ్లలో చూపే మ్యాప్‌ను తమ తెర మీద చూసుకుని బాగుందనుకుంటున్నారు, అవతలి ఆటగాడి కంప్యూటర్‌కు అది ఏ రూపంలో చేరుతోందో చూసుకోవడం లేదు.

మ్యాప్ ఫైల్ 7 ఎంబీయే. నెట్ స్పీడ్ బాగానే ఉంది. అయినా ఇద్దరు ఆటగాళ్లకు తెల్ల తెర తప్ప ఏమీ కనిపించడం లేదు. (హైదరాబాద్)

7 ఎంబీ అనేది ఫైల్‌ను నొక్కి పెట్టినప్పటి బరువు. బ్రౌజర్ దాన్ని విప్పాక ఒక్కో పిక్సెల్‌కు 4 బైట్లు కావాలి. మీరు పంపిన మ్యాప్ 30×20 గళ్లు, గడికి 300 పిక్సెళ్లు. అంటే 9000×6000. గ్రాఫిక్స్ మెమరీలో అది 216 ఎంబీ అవుతుంది. టోకెన్లు (మ్యాప్ మీద కదిలే పాత్రల బొమ్మలు), లైటింగ్ ఇంకా మొదలే కాలేదు. పైగా పాత ల్యాప్‌టాప్‌లలో, చవక ట్యాబ్‌లలో గ్రాఫిక్స్ చిప్ ఒక పక్క 4096 పిక్సెళ్లు దాటిన బొమ్మను అసలు తీసుకోకపోవచ్చు. మీ గేమింగ్ పీసీలో తెరుచుకుందంటే అందరికీ తెరుచుకుంటుందని కాదు.

గడికి 300 అన్నది కాగితం మీద అచ్చు వేసేవాళ్ల లెక్క. ఒక అంగుళం గడికి 300 చుక్కలు. తెరకు ఆ లెక్క అనవసరం. డీపీఐ పెట్టెలో 300 కొట్టేసి 72 రాస్తే బరువు తగ్గుతుందని కొందరు ఇంకా నమ్ముతున్నారు. పిక్సెళ్ల సంఖ్య మారనంతవరకు ఏమీ తగ్గదు. మ్యాప్‌ను గడికి 100 పిక్సెళ్లకు కుదించండి. 3000×2000 వస్తుంది, మెమరీలో 24 ఎంబీ. దగ్గరగా జూమ్ చేసే చిన్న గదుల మ్యాప్ అయితే 140 దాకా పోవచ్చు. వెబ్‌పీ ఫార్మాట్‌లో క్వాలిటీ 80-85 మధ్య పెట్టి ఎగుమతి చేస్తే చాలు. వెబ్‌పీకి ఒక పక్క 16,383 పిక్సెళ్ల హద్దు ఉంది. దాని దాకా వెళ్లారంటే మ్యాప్‌ను ముక్కలు చేయాల్సిన వేళ ఎప్పుడో దాటిపోయింది.

టోకెన్‌లకు 256 లేదా 280 పిక్సెళ్ల చదరం సరిపోతుంది. వాటిని జేపెగ్‌లో దాచకండి. అందులో పారదర్శకత ఉండదు కాబట్టే మీ గాబ్లిన్ చుట్టూ తెల్ల డబ్బా వస్తోంది. పీఎన్‌జీ గానీ వెబ్‌పీ గానీ వాడండి.

ఇక కదిలే వీడియో మ్యాపుల మోజు ఒకటి. మూలన జలపాతం పారడం కోసం నలుగురి ల్యాప్‌టాప్ ఫ్యాన్‌లు మూడు గంటలు మోగాలా?

ఎడమ పక్క గళ్లు చక్కగా కలుస్తున్నాయి. కుడి పక్కకు వచ్చేసరికి టోకెన్ గోడలో ఇరుక్కుంటోంది. (విశాఖపట్నం)

ఒక గడిని కొలిచి, దాన్నే మొత్తానికి వర్తింపజేశారు. ఆన్‌లైన్‌లో ఆట నడిపే వేదికల్లో రోల్20 అయితే మామూలుగా గడి 70 పిక్సెళ్లు, ఫౌండ్రీ అయితే 100. మీ బొమ్మలో గడి 69.4 ఉందనుకోండి. ఒక గడిలో ఆ తేడా కంటికి ఆనదు. 40 గళ్లు దాటేసరికి 24 పిక్సెళ్లు, అంటే గడిలో మూడో వంతు పక్కకు జరుగుతుంది.

ఎప్పుడూ 20 గళ్లను కలిపి కొలిచి భాగించండి. అంతకంటే మంచి పద్ధతి, కొలవకుండానే సరిచేసేయడం. ముందు బొమ్మ చుట్టూ ఉన్న అంచును గీత మధ్యదాకా కత్తిరించండి, సగం గళ్లు మిగలకూడదు. తర్వాత అడ్డంగా, నిలువుగా గళ్లు లెక్కపెట్టండి. 40×28 అయితే, గడికి 70 చొప్పున 2800×1960. ఉచిత బొమ్మల ఎడిటర్ గింప్‌లో ఇమేజ్ మెనూలోని స్కేల్ ఇమేజ్ తెరిచి, వెడల్పు, ఎత్తుల మధ్య ఉన్న గొలుసు బొమ్మను విడదీసి, రెండు అంకెలూ విడివిడిగా వేయండి. స్కానర్ ఒక పక్కకు కాస్త సాగదీసి ఉంటే అదీ ఇక్కడే సర్దుకుంటుంది. బొమ్మలోనే గీతలుంటే వేదిక గీతలను కనిపించకుండా చేయండి, లేకపోతే ప్రతి గీతా జంటగా కనిపిస్తుంది.

చేత్తో గీసి ఫోన్‌తో ఫొటో తీసిన మ్యాప్ అయితే కత్తిరించే ముందే గింప్‌లోని పర్‌స్పెక్టివ్ టూల్ వాడాలి. దిశను 'కరెక్టివ్' అని పెట్టి, నాలుగు మూలలను కాగితం మీది గళ్ల నాలుగు మూలలకు చేర్చండి. ఏఐ గీసిన మ్యాపులతో మాత్రం కుస్తీ పట్టకండి. వాటిలో గళ్లు చాలాసార్లు ఒక్క కొలతలో ఉండవు. ఏం చేసినా కలవవు. గీతలు లేని బొమ్మ అడిగి, గళ్లు వేదికతోనే వేయించుకోండి.

రహస్య గది మీద ఫాగ్ ఆఫ్ వార్ (ఆటగాళ్లు చూడకూడని భాగాన్ని కప్పే పొగమంచు) వేశాను. అయినా ఒక ఆటగాడు నేరుగా ఆ గోడ దగ్గరికే వెళ్లాడు. మోసం చేశాడంటారా? (డాలస్)

చేశాడో లేదో చెప్పలేను. చేయడం ఎంత తేలికో చెప్పగలను. చాలా వేదికల్లో ఆ పొగమంచు ఆటగాడి బ్రౌజర్‌లో, మ్యాప్ వచ్చాక, దాని మీద వేసే పూత. కింద మొత్తం బొమ్మ అప్పటికే అతని కంప్యూటర్‌లో ఉంది. ఎఫ్12 నొక్కి, నెట్‌వర్క్ ట్యాబ్‌లో ఇమేజెస్ మాత్రమే ఎంచుకుని, పేజీని రీలోడ్ చేస్తే వచ్చిన బొమ్మలన్నీ వరుసగా కనిపిస్తాయి. ఒకదాన్ని కొత్త ట్యాబ్‌లో తెరిస్తే పొగమంచు లేని మ్యాప్. అంత శ్రమ కూడా అక్కర్లేదు, ఫైల్ పేరు 'ద్రోహి-మంత్రి-సమాధి' అని పెట్టేవాళ్లున్నారు. ఫైళ్లకు ఎం17, ఎం18 లాంటి మూగ పేర్లు పెట్టండి. రహస్య గదిని అసలు మ్యాప్‌లోంచి చెరిపేసి, విడి బొమ్మగా మీ దగ్గరే ఉంచుకుని, తలుపు తెరిచినప్పుడే అప్‌లోడ్ చేయండి. అంతస్తుకో విడి సీన్ (వేరే మ్యాప్ పేజీ) పెట్టండి.

కత్తిరించినంత మాత్రాన పోయిందని కూడా అనుకోకండి. స్క్రీన్‌షాట్‌లను కత్తిరించే రెండు పేరున్న టూల్స్‌లో, కత్తిరించిన భాగం తాలూకు డేటా ఫైల్ చివర్లో అలాగే మిగిలిపోతోందని 2023 మార్చిలో బయటపడింది. ఆక్రోపలిప్స్ అని పేరు పెట్టారు. ఆ టూల్స్‌ను బాగుచేశారు గానీ, అంతకుముందు పంచుకున్న బొమ్మలు బాగుపడవు కదా. ముఖ్యమైనదాన్ని కత్తిరించాక ఎడిటర్‌లో తెరిచి కొత్త ఫైల్‌గా ఎగుమతి చేయండి.

నన్ను ఇంతకంటే భయపెట్టేది వేరే ఉంది. ఇంట్లో బల్ల మీద గీసిన మ్యాప్‌ను ఫోన్‌తో తీసి అలాగే అప్‌లోడ్ చేస్తారు. లొకేషన్ ఆన్‌లో ఉంటే ఆ ఫైల్ ఎగ్జిఫ్ సమాచారంలో (ఫొటోతోపాటు ఫైల్‌లో దాగే వివరాల్లో) మీ ఇంటి అక్షాంశ రేఖాంశాలు ఉంటాయి. కొన్ని వేదికలు దాన్ని తుడిచేస్తాయి, కొన్ని తుడవవు. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే గళ్లు అలుక్కుపోతున్నాయని డాక్యుమెంట్‌గా పంపమని సలహా ఇస్తారు. సలహా మంచిదే, కానీ అప్పుడు అసలు ఫైల్ అసలు వివరాలతో సహా వెళ్తుంది. ఆటలో కలిసిన అపరిచితుడికి మీ వాకిలి చూపించినట్టే. విండోస్‌లో ఫైల్ మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్, డీటెయిల్స్‌లో కింద ఉన్న 'రిమూవ్ ప్రాపర్టీస్' లింక్ నొక్కండి. గింప్‌లో ఎగుమతి చేసేటప్పుడు ఎగ్జిఫ్ డేటా టిక్ తీసేయండి.

అసలు కెమెరా యాప్‌కు లొకేషన్ ఎందుకు? కొన్ని కొత్త ఫోన్‌లు తెరవగానే 'అనుమతించండి' అని పెద్ద బటన్, 'వద్దు' అని బూడిద రంగు చిన్న అక్షరాలు. జనం మొదటిదే నొక్కుతారని తెలిసే అలా పెడతారు. అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ ఆ సెట్టింగ్ ఇంకో మెనూలోకి వలసపోతుంది. కొన్ని ఫోన్‌లు చెప్పాపెట్టకుండా ఫొటోలను హెచ్ఈఐసీ ఫార్మాట్‌లో దాస్తాయి. ఎక్కువ బ్రౌజర్లు దాన్ని తెరవలేవు, మ్యాప్ ఎందుకు రాలేదో తెలియక జనం నాకు ఉత్తరం రాస్తారు.

ఇంట్లో ఆట సర్వర్ పెట్టి పోర్ట్ 30000 (బయటివాళ్లు లోపలికి వచ్చే దారి నంబరు) తెరిచాను. బయటివాళ్లకు కనెక్ట్ కావడం లేదు. (గుంటూరు)

రౌటర్ పేజీలో వ్యాన్ ఐపీ (బయటి నెట్ వైపు మీ రౌటర్ చిరునామా) చూడండి. 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మీ బ్రాడ్‌బ్యాండ్ సంస్థ ఒకే చిరునామాను చాలామందికి పంచుతోంది. పోర్ట్ ఎన్నిసార్లు తెరిచినా లాభం లేదు. విడి పబ్లిక్ ఐపీ అడగండి, లేదా టన్నెల్ సేవ (మధ్యలో ఇంకో సర్వర్ ద్వారా దారి ఇచ్చేది) వాడండి.

కనెక్ట్ అయితే ఇంకా జాగ్రత్త. అడ్మిన్ పాస్‌వర్డ్ పెట్టకుండా నడిపేవాళ్లు ఎందరో. హెచ్‌టీటీపీఎస్ (సమాచారాన్ని తాళం వేసి పంపే పద్ధతి) లేకపోతే పాస్‌వర్డ్‌లు దారిలో బట్టబయలుగా పోతాయి. సొంత సర్వర్ ప్రోగ్రాములు కొన్నింటిలో, ఫైల్ చిరునామా తెలిస్తే చాలు, లాగిన్ లేకుండానే తెరుచుకుంటుంది. బొమ్మల ఫోల్డర్‌లో మ్యాపుల పక్కనే ఆధార్ స్కాన్ పడేసి ఉంటే అదీ అంతే. ఆట ముగిశాక పోర్ట్ మూసేయండి.

ఆటగాళ్లకు ఇచ్చే పాత తాళపత్రం బొమ్మ మీద తెలుగు రాస్తే ఒత్తులు విడిపోతున్నాయి. (తిరుపతి)

మీ ఎడిటర్‌కు తెలుగు అక్షరాలు పేర్చడం రాదు. గింప్‌కు, గీతల బొమ్మల ఎడిటర్ ఇంక్‌స్కేప్‌కు వచ్చు. ఎస్‌వీజీగా (బొమ్మను పిక్సెళ్లుగా కాక గీతలుగా దాచే ఫార్మాట్) పంపాలంటే ముందు ఇంక్‌స్కేప్ పాత్ మెనూలో 'ఆబ్జెక్ట్ టు పాత్' నొక్కండి, లేకపోతే మీ ఫాంట్ లేని కంప్యూటర్‌లో అక్షరాలు మారిపోతాయి. ఊరూపేరూ లేని సైట్ల నుంచి తెచ్చిన ఎస్‌వీజీ అలంకారాలను మాత్రం సర్వర్ మీద పెట్టకండి, వాటిలో స్క్రిప్ట్‌లు దాగి ఉండొచ్చు. పీఎన్‌జీగా మార్చి వాడండి. అక్షరం ఎత్తు కనీసం 40 పిక్సెళ్లు ఉంచండి. అంతకంటే తగ్గితే ఫోన్‌లో చూసేవాళ్లకు 'క్ష'కూ 'క్క'కూ తేడా తెలియదు.